ఫుడ్ టెక్నాలజీ చదివి యూనివర్సిటీలో పాఠం చెప్తున్న మా అక్క, ఆమె క్లాసులో నా శెనగ గింజల రిపోర్టు



ఈసారి వీడియోలో పొలం లేదు, గానుగ లేదు. ఒక యూనివర్సిటీ క్లాసు రూము ఉంది. బోర్డు మీద రాస్తున్న మేడం మా పెద్దనాయన కూతురు. కిటికీ పక్కన చేతులు కట్టుకుని నిలబడింది నేను. కెమెరా పట్టింది మా బామ్మర్ది. మధ్యమధ్యలో ఊగింది, సర్దుకోండి.

నాకు రైతుల నుంచి వచ్చే ఫోన్లలో కషాయాలు, విత్తనాల తర్వాత ఎక్కువగా వచ్చే ప్రశ్న పిల్లల చదువు గురించే. "మా పాప ఇంటర్ అయిపోయింది, ఫుడ్ టెక్నాలజీ అంటోంది. చేర్పిస్తే ఏమొస్తుంది? లెక్చరర్ పోస్టు వస్తుందా?" అని. నేను చదివింది పదో తరగతి తర్వాత రెండేళ్ల వ్యవసాయ డిప్లొమా. అది అయ్యాక పొలం, పొలం తర్వాత కట్టె గానుగ. యూనివర్సిటీ దారి నాకు తెలీదు. తెలిసిన మనిషి మా ఇంట్లోనే ఉంది కాబట్టి ఆమెని కూర్చోబెట్టి అడిగాను. వీడియోలో పట్టనిది ఇక్కడ రాస్తున్నా. తన పేరూ యూనివర్సిటీ పేరూ రాయొద్దు అంది. రాయట్లేదు.

ముందే ఒక మాట. ఇది గెలిచిన కథ లాగా చదవొద్దు. ఇందులో నా తప్పు ఒకటి ఉంది, అది చెప్పకుండా అక్క చదువు విలువ చెప్పలేను.

వంటల కోర్సు అనుకున్నాం

మాది కదిరి దగ్గర పల్లె. వానాధారం శెనక్కాయ. అక్క బైపీసీ చదివింది. 2008లో ఎంసెట్ రాస్తే మెడిసిన్ అందలేదు, అగ్రికల్చర్ బీఎస్సీ కూడా అందలేదు. కౌన్సెలింగ్‌లో బాపట్లలో ఫుడ్ టెక్నాలజీ వచ్చింది. పేరు వినగానే ఇంట్లో అందరికీ తట్టింది వంటలే. మా జేజి అయితే, "వంట నేర్సుకునేదానికి బాపట్ల దాకా పోవల్లనా, నా కాడ కూర్సో, నేర్పిస్తా" అనింది.

తీరా చూస్తే అది ఇంజనీరింగు. వేడి ఒక వస్తువులోంచి ఇంకో వస్తువులోకి ఎంత వేగంగా పోతుంది, గుజ్జు లాంటి చిక్కటి పదార్థం పైపులో ఎలా పారుతుంది, డ్రయ్యర్‌లో గాలి ఎంత నీటిని లాగుతుంది, ఇలాంటి లెక్కలు ఒక పక్క. ఆహార రసాయనశాస్త్రం, సూక్ష్మజీవులు, ఆహార చట్టాలు ఇంకో పక్క. బైపీసీ నుంచి వచ్చిన పిల్లలకి మొదటి ఏడాది లెక్కలు నేర్పడానికి విడిగా క్లాసు పెడతారు. అయినా అక్క రెండు సబ్జెక్టుల్లో తప్పింది. సెలవులకి వచ్చినప్పుడు డాబా మీద లాంతరు పెట్టుకుని లెక్కలు చేసేది. నేనేమో డిప్లొమా అయిపోయి పొలంలో దిగినవాణ్ణి కదా, "ఏమక్కా, పాయసం ఎన్ని డిగ్రీల కాడ దించల్ల?" అని ఎగతాళి చేసేవాణ్ణి. జవాబు చెప్పేది కాదు. చీపురు విసిరేది.

చివరి ఏడాది ఫ్యాక్టరీలో ట్రైనింగ్ ఉంటుంది. అక్కకి చిత్తూరు వైపు మామిడి గుజ్జు ఫ్యాక్టరీ పడింది. తోతాపురి సీజన్. లైన్లో కూర్చుని కాయలు ఏరే ఆడవాళ్లు వందమందికి పైన ఉండేవాళ్లంట. వాళ్లలో ఒకామె ఒకరోజు అడిగింది: "ఏమమ్మా, గంట గంటకీ ఆ గుజ్జులో మిషను ముంచి చూసి రాసుకుంటారే, ఏం చూస్తారు?"

చూసేది పులుపు. పీహెచ్ అంటారు. అది 4.6 కంటే తక్కువ ఉంటే, అంటే బాగా పుల్లగా ఉంటే, డబ్బాలో గాలి లేకపోయినా ప్రాణాంతకమైన బొటులినం విషం తయారు చేసే సూక్ష్మజీవి పెరగలేదు. అందుకే మామిడి గుజ్జుకి మరిగే నీళ్లంత వేడి చాలు. పులుపు లేని కూరగాయలనీ పప్పునీ డబ్బాలో నిలవ చేయాలంటే 121 డిగ్రీల దాకా ప్రెషర్‌లో ఉడికించాలి. అక్క ఇదంతా చెప్పలేదు. "మీ ఇంట్లో చింతకాయ తొక్కు ఏడాది ఉంటుంది కదా, పప్పు సాయంత్రానికే ఎందుకు పాడవుతుంది? మేం చూసేది ఆ తేడానే" అని చెప్పింది. ఆ మనిషి కాసేపు ఆలోచించి, "తొమ్మిదేండ్ల నుంచి ఈడ కాయలు ఏరుతున్నా, ఈ మాట నాకెవురూ చెప్పలేదు" అనిందంట. మర్నాడు టీ టైములో ఇంకో నలుగురు వచ్చి కూర్చున్నారు.

నేను అక్కని అడిగింది ఒకటే ప్రశ్న, టీచింగ్‌లోకి ఎందుకు పోయావని. ఆమె చెప్పింది ఈ టీ టైము సంగతి. వేరే కారణం ఏదీ చెప్పలేదు.

ఫ్యాక్టరీ జీతమా, కాంట్రాక్టు క్లాసా

బీటెక్ అయ్యాక ఎంటెక్. 2014లో అది అయిపోయేసరికి చేతిలో ఒక ఫుడ్ కంపెనీ క్వాలిటీ విభాగంలో ఉద్యోగం ఉంది. అదే సమయంలో ఒక ప్రైవేటు కాలేజీలో కాంట్రాక్టు లెక్చరర్ పని వచ్చింది, కంపెనీ ఇచ్చేదానికంటే నెలకి ఆరు వేలు తక్కువ. మా ఇంట్లో ఎవరైనా కంపెనీ అంటారు. పెద్దనాయనకి బోరు అప్పు ఉంది అప్పటికి. అక్క కాలేజీకి పోయింది. పెద్దనాయన నాలుగు నెలలు సరిగ్గా మాట్లాడలేదు.

ఆ కాలేజీలో రెండేళ్లు చేసింది. వారానికి 22 క్లాసులు, ల్యాబులో పనిచేసే ఓవెన్ ఒకటే. జీతం రెండు మూడు నెలలకోసారి, అదీ చేతికి. బయటికి వచ్చేటప్పుడు సర్వీస్ సర్టిఫికెట్ అడిగితే తిప్పి తిప్పి ఇవ్వలేదు. అప్పుడు అది పెద్ద సంగతి అనిపించలేదు. ఎంత పెద్దదో కింద చెప్తాను.

తర్వాత పీహెచ్‌డీ. అక్క పని చేసింది సజ్జ పిండి మీద. మనలో సజ్జలు పండించి పిండి అమ్మేవాళ్లకి తెలుసు, వారం పది రోజులకే ముక్క వాసన, చేదు. సజ్జలో కొవ్వు ఎక్కువ, దాన్ని విరగ్గొట్టే లైపేజ్ అనే ఎంజైము కూడా ఎక్కువే. గింజ గింజగా ఉన్నంతసేపూ రెండూ విడివిడిగా ఉంటాయి, పిండి పట్టగానే కలిసిపోతాయి. మరిగే నీళ్లలో గింజల్ని కొన్ని సెకన్లు ముంచి తీసి, బాగా ఆరబెట్టి, అప్పుడు పిండి పడితే ఆ ఎంజైము చాలావరకు చచ్చిపోతుంది. పిండి ఎక్కువ రోజులు నిలుస్తుంది. మందు లేదు, మాయ లేదు. నేను ఇది పదేళ్లు ఆలస్యంగా తెలుసుకున్నాను, ఎందుకంటే ఆ రోజుల్లో అక్కతో నాకు మాటల్లేవు.

ఎందుకు లేవంటే, 2017లో నేను గానుగ పెట్టాను. ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్, ప్యాకింగ్, లేబుల్, ఇవన్నీ చూసుకోవడానికి చదువుకున్న మనిషి కావాలి. అక్క పీహెచ్‌డీ రెండో ఏడు. "చదివింది చాల్లే, వచ్చేయ్, సగం వాటా నీది" అన్నా. రానంది. "నువ్వు చేసేది నువ్వు చెయ్‌రా. నేను నీ దగ్గరికొస్తే ఒక్క గానుగే బాగుపడతాది" అంది. నాకు ఆ మాట అహంకారం లాగా వినిపించింది. ఊళ్లో నలుగురి ముందర, "రైతు డబ్బుతో చదివి, కంపెనీలకి పనిచేసే పిల్లల్ని తయారు చేస్తుందంట" అని కూడా అన్నాను. ప్రకృతి సేద్యంలో ఉన్న మనకి ఫుడ్ టెక్నాలజీ అంటే ప్రిజర్వేటివ్‌లు, రంగులు, ఫ్లేవర్లు అనే ఒక అభిప్రాయం ఉంటుంది కదా. నాకూ ఉండేది. ఆ అభిప్రాయం నా కోపానికి బాగా పనికొచ్చింది.

2021 నవంబరు వాన

రాయలసీమలో ఆ నవంబరు ఎవరూ మర్చిపోలేరు. మా కదిరి ఆరు రకం కాయ అప్పటికే పీకి పొలంలో పోగులు పెట్టి ఉన్నాం. మూడు రోజులు వాన. తగ్గాక కాయలు విడదీసి, షెడ్డులో పరిచి, పైన పైన ఆరాయనిపించగానే 40 మూటలు కట్టేశాం. అంతకంటే పెద్ద తప్పు ఇంకోటి. మిల్లులో కాయ కొట్టించేటప్పుడు గింజ పగలకుండా కాయల మీద నీళ్లు చల్లుతారు, మన దగ్గర మామూలే. అప్పుడూ చల్లారు. నేను చూస్తూ ఊరుకున్నా.

డిసెంబరులో నూనె ఆడాం. రంగు బాగుంది, వాసన బాగుంది. జనవరిలో హైదరాబాదులో ఒక ఆర్గానిక్ షాపువాళ్లు గింజలు కూడా కావాలన్నారు, శాంపిల్ ల్యాబుకి పంపారు. అఫ్లాటాక్సిన్ పరిమితికి మూడు రెట్లు మించి ఉందని రిపోర్టు వచ్చింది. శుద్ధి చేసి వాడే గింజల్లో మన దేశపు పరిమితి కిలోకి 15 మైక్రోగ్రాములు. అంటే టన్ను గింజలకి 15 మిల్లీగ్రాములు, చిటికెడు ఉప్పంత కూడా కాదు.

ఆర్డరు పోయింది. అమ్మిన నూనెలో దొరికినవి వెనక్కి తెప్పించి డబ్బులిచ్చేశా, మిగిలింది సబ్బులు చేసేవాళ్లకి ఇచ్చేశా. లక్షకి పైన నష్టం. రిపోర్టు మడిచి బీరువాలో పెట్టా. అక్కకి ఫోన్ చేయలేదు. ఎలా చేస్తాను? ఐదేళ్ల కిందట అన్న మాటలు ఉన్నాయి కదా.

ఆ ఏడాదే అక్కకి రెగ్యులర్ పోస్టు వచ్చింది. దసరాకి ఇంటికి వచ్చినప్పుడు పెద్దనాయన నోరు జారి రిపోర్టు సంగతి చెప్పేశాడు. తిడుతుందనుకున్నా. "ఆ కాగితం ఒకసారి ఇస్తావా? క్లాసులో చూపిస్తా. నువ్వే వచ్చి చెప్తే ఇంకా మేలు" అంది. సిగ్గుగానే ఉండింది. వెళ్లాను.

ఆ పిల్ల అడిగిన ప్రశ్న

క్లాసు మొదలుపెడుతూ అక్క చెప్పింది టర్కీ కోళ్ల కథ. వీడియోలో ఈ ఏడాది పిల్లలకి కూడా అదే చెప్పింది, చూడండి. 1960లో ఇంగ్లండులో టర్కీ కోళ్లు లక్షకి పైగా చచ్చిపోయాయి. రోగం ఏమిటో తెలియక టర్కీ ఎక్స్ అని పేరు పెట్టారు. చివరికి తేలింది, బ్రెజిల్ నుంచి తెచ్చి దాణాలో కలిపిన శెనగ చెక్క. ఆ చెక్కలో ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు చేసిన విషం. ఆ బూజు పేరులోంచే అఫ్లాటాక్సిన్ అనే మాట వచ్చింది.

ఆ తర్వాత తేమ. వడ్లు 13, 14 శాతం తేమ దగ్గర నిలవ చేస్తాం, శెనగ గింజలు మాత్రం 7 శాతానికి దించాలి. ఎందుకని? నాకు డిప్లొమాలో అంకె చెప్పారు, కారణం చెప్పలేదు. శెనగ గింజలో దాదాపు సగం నూనె. నూనెలో నీళ్లు ఇమడవు. ఉన్న కొంచెం నీళ్లూ మిగతా సగంలోనే సర్దుకోవాలి, కాబట్టి అక్కడ అవి చిక్కగా, బూజుకి అందుబాటులో ఉంటాయి. పిల్లలకి దీన్ని వాటర్ యాక్టివిటీ అని నేర్పిస్తారు, సున్నా నుంచి ఒకటి దాకా కొలత. 0.6 లోపల ఉంటే ఏ సూక్ష్మజీవీ పెరగదు. అక్క దీన్ని బోర్డు మీద రెండు సంచుల బొమ్మ వేసి చెప్పింది. పదేళ్లుగా శెనక్కాయ నిలవ చేస్తున్న నాకు ఆ రోజు అర్థమైంది, మూట పైన చెయ్యి పెట్టి "ఆరింది" అనుకోవడం ఎంత గుడ్డి పనో.

నా వంతు వచ్చింది. వాన, పోగులు, మిల్లులో నీళ్లు, రిపోర్టు, అన్నీ చెప్పా. పిల్లలు బుద్ధిగా రాసుకున్నారు. మూడో బెంచీలో ఒకమ్మాయి, వాళ్లది పాలమూరు వైపు అని మాటను బట్టి తెలిసింది, లేచి అడిగింది: "సార్, నూనె వాపస్ తెప్పించిన్రు. మరి చెక్క ఏం చేసిన్రు?"

నేను మాట్లాడలేకపోయాను.

చెక్క మా ఆవులకి పెట్టాను. జీవామృతం కోసం రెండు నాటు ఆవులున్నాయి మా ఇంట్లో. డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి సగం దాకా ఆ చెక్కే పెట్టా. గానుగ ఆడినప్పుడు గింజలోని విషంలో ఎక్కువ భాగం చెక్కలోనే మిగులుతుంది. ఆవు తింటే దాని రూపం మారి, ఎం1 అనే పేరుతో, ఒక్క రోజు లోపే పాలలో కనబడుతుంది. పాలలో దానికీ పరిమితి ఉంది, కిలోకి అర మైక్రోగ్రాము. ఆ పాలు తాగింది మా పాప. అప్పుడు దానికి మూడేళ్లు.

ఇవన్నీ అక్క క్లాసు అయ్యాక బయట చెట్టు కింద చెప్పింది. చెక్క ఆపేస్తే మూడు నాలుగు రోజుల్లో పాలు తేరుకుంటాయి, ఫిబ్రవరిలోనే ఆగిపోయింది కాబట్టి ఇప్పుడు పరీక్ష చేసినా ఏమీ కనబడదు అంది. పాపని డాక్టరుకి చూపించాం, బాగానే ఉంది. అక్క నన్ను తిట్టలేదు. "జనవరిలో ఒక్క ఫోన్ చేసింటే మొదట అడిగేది చెక్క సంగతే కదరా" అని మాత్రం అంది. నా భార్యకి ఈ విషయం చెప్పడానికి ఇంకో వారం పట్టింది నాకు.

గానుగ నడిపే మిత్రులు ఈ ఒక్కటి పట్టించుకోండి. పెద్ద మిల్లుల్లో నూనెని రిఫైన్ చేసినప్పుడు క్షారంతో కడుగుతారు, ఈ విషం చాలావరకు పోతుంది. మనం రిఫైన్ చేయం, అదే మన గొప్ప అని లేబుల్ మీద రాసుకుంటాం. అంటే మన నూనెకి ఉన్న కాపలా గింజ దగ్గరే. వేయిస్తే పోదు, మామూలు వంట వేడికి ఆ విషం చెక్కుచెదరదు. ముడుచుకున్నవి, రంగు మారినవి, పగిలినవి, బూజు పట్టినవి చేత్తో ఏరి తీసేస్తే చాలా తగ్గుతుంది, ఎందుకంటే మూటంతా సమానంగా ఉండదు, కొన్ని గింజల్లోనే పేరుకుని ఉంటుంది. ఏరిన చెత్త గింజల్ని మళ్లీ "చెక్కకి పనికొస్తాయిలే" అని గానుగలో వేయొద్దు. చివరి నెలలో పైరు ఎండిపోతే కాయ భూమిలో ఉండగానే బూజు చేరుతుంది, కాబట్టి వాన పడని ఏడాదీ ధీమాగా ఉండలేం. మిల్లులో నీళ్లు చల్లనివ్వొద్దు. గింజ పగిలితే పగలనీ.

మీ పిల్లలకి దారి

ఇప్పుడు ఫోన్లలో అడిగే ప్రశ్నకి వస్తా. అక్క చెప్పిందే నా మాటల్లో.

బీటెక్ ఫుడ్ టెక్నాలజీకి మన దగ్గర వ్యవసాయ యూనివర్సిటీ కాలేజీలు బాపట్ల, పులివెందులలో, తెలంగాణలో రుద్రూరులో ఉన్నాయి. ఉస్మానియాలో, అనంతపురం జేఎన్‌టీయూ కింద కూడా ఈ కోర్సు ఉంది. వ్యవసాయ యూనివర్సిటీ కోర్సుల్లో రైతు కోటా ఉంటుంది. పాసుబుక్కు, పల్లెలో చదివినట్టు స్టడీ సర్టిఫికెట్లు ముందే తీసి పెట్టుకోండి. కౌన్సెలింగ్ రోజు పరిగెత్తేవాళ్లని చాలామందిని చూశా. ఏ కోర్సుకి ఆ కోటా ఎంత అన్నది ఆ ఏడాది ప్రాస్పెక్టస్‌లో చూడండి, నా మాట మీద నిలబడొద్దు.

టీచింగ్‌కి పోవాలంటే బీటెక్ చాలదు. ఎంటెక్ సీటుకి ఐసీఏఆర్ పీజీ ప్రవేశ పరీక్ష ఒకటి, గేట్ ఒకటి. గేట్‌లో ఫుడ్ టెక్నాలజీకి సొంత పేపరు లేదు, ఇంజనీరింగ్ సైన్సెస్ పేపర్లోనో లైఫ్ సైన్సెస్ పేపర్లోనో ఒక భాగంగా ఎంచుకోవాలి. ఇది తెలియక వేరే పేపరుకి అప్లై చేసిన పిల్లలు ఉన్నారంట. మన రాష్ట్రం బయటికి పోగలిగితే 1950లో మొదలైన మైసూరు సీఎఫ్‌టీఆర్‌ఐ, హర్యానాలో కుండ్లి, తమిళనాడులో తంజావూరు నిఫ్టెమ్‌లు, ఖరగ్‌పూర్ ఐఐటీ ఉన్నాయి.

అసలు తికమక తర్వాతే. ఈ ఒక్క సబ్జెక్టుకి లెక్చరర్ కావడానికి గుమ్మాలు మూడు, ఒక్కో గుమ్మానికి ఒక్కో తాళం. వ్యవసాయ యూనివర్సిటీలైతే ఏఎస్ఆర్‌బీ వాళ్లు పెట్టే నెట్ రాయాలి, అందులో ఫుడ్ టెక్నాలజీ విడి సబ్జెక్టుగా ఉంది. 150 ప్రశ్నలు, జనరల్ వాళ్లకి సగం మార్కులు వస్తే పాస్. అక్కకి రెండోసారికి వచ్చింది. ఇంజనీరింగు కాలేజీలైతే ఏఐసీటీఈ నిబంధన, బీటెక్ ఎంటెక్ రెండూ ఉండి ఒక దాంట్లో ఫస్ట్ క్లాస్ ఉంటే అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి అర్హత, నెట్ అడగరు. డిగ్రీ కాలేజీలూ మామూలు యూనివర్సిటీలైతే యూజీసీ లెక్క, పీజీలో 55 శాతం, దానికి తోడు నెట్ గానీ సెట్ గానీ లేదా పీహెచ్‌డీ. మీ పిల్ల ఏ గుమ్మం వైపు నడుస్తోందో ఎంటెక్‌లో ఉండగానే తెలుసుకోవాలి. పీహెచ్‌డీ చేస్తే మూడు చోట్లా పనికొస్తుంది, కానీ నాలుగైదేళ్లు పడుతుంది. స్టైపెండ్ లేకుండా పీహెచ్‌డీకి పోవద్దని అక్క గట్టిగా చెప్పింది.

యూజీసీ ఏడో స్కేలులో అసిస్టెంట్ ప్రొఫెసర్ మూల వేతనం 57,700తో మొదలవుతుంది. మంచి జీతమే. కానీ అక్క ఆ జీతం తీసుకున్నది ఎంటెక్ అయిన ఎనిమిదేళ్లకి. మధ్యలో అంతా కాంట్రాక్టూ స్టైపెండూ. రెగ్యులర్ నోటిఫికేషన్లు ఏటా పడవు. పడినప్పుడు పోస్టులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆడపిల్ల అయితే ఈ ఎనిమిదేళ్లూ "పెళ్లెప్పుడు" అనే ప్రశ్న కూడా మొయ్యాలి. మా ఇంట్లో ఆ ప్రశ్న ఎక్కువగా అడిగినవాళ్లలో నేనూ ఉన్నా.

సర్వీస్ సర్టిఫికెట్ సంగతి చెప్తానన్నా కదా. 2018 యూజీసీ నిబంధనల్లో యూనివర్సిటీ ఇంటర్వ్యూకి ఎవర్ని పిలవాలో తేల్చడానికి ఒక మార్కుల పట్టిక ఉంది. పీహెచ్‌డీకి 30, నెట్‌కి 5, జేఆర్‌ఎఫ్‌తో కలిపితే 7. పరిశోధన పత్రానికి రెండేసి చొప్పున 10 దాకా. టీచింగ్ అనుభవం ఏడాదికి రెండు చొప్పున 10 దాకా. ఆ మార్కులు పిలవడానికే, ఎంపిక మాత్రం ఇంటర్వ్యూని బట్టే. అక్క రెండేళ్లు గొంతు పోయేలా చెప్పిన క్లాసులకి కాగితం లేదు, నాలుగు మార్కులు గాలికి పోయాయి. ఒక యూనివర్సిటీలో పిలుపు ఒక్క మార్కులో తప్పిపోయింది. కాబట్టి పిల్లలు ఎక్కడ కాంట్రాక్టుకి చేరినా నియామక పత్రం రాతలో తీసుకోమనండి, జీతం బ్యాంకులోనే వేయించుకోమనండి, ఏడాదికోసారి సర్వీస్ సర్టిఫికెట్ అడగమనండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఎవరి చేతిలోనూ పెట్టొద్దనండి.

"అయితే మంచిదా కాదా" అంటారు మీరు. కంపెనీ ఉద్యోగాలు ఈ చదువుకి బాగానే ఉన్నాయి, త్వరగా సంపాదన కావాలంటే అదే దారి. సొంతంగా యూనిట్ పెట్టాలన్నా బీటెక్ సరిపోతుంది. టీచింగ్ అనేది అడిగిన మనిషికి అర్థమయ్యేలా చెప్పేదాకా నిద్రపట్టని పిల్లలకే. ఇది నా అభిప్రాయం. అక్క అయితే "నీకెందుకురా, ఆ పిల్లనే అడగమను" అంటుంది.

పాలమూరు అమ్మాయి ఏమైందని వీడియో తీసేటప్పుడు అడిగా. బీటెక్ అయిపోయి ఇప్పుడు ఒక ఫుడ్ టెస్టింగ్ ల్యాబులో ఉందంట. మన లాంటివాళ్ల శాంపిళ్లే చూస్తోంది. నెట్‌కి కూడా చదువుతోందంట.

ఈ ఏడాది కాయ పీకేది దీపావళి దాటాక. అక్క 12 మంది పిల్లల్ని తీసుకుని మా పొలానికి వస్తానంది. ఒకే మడి కాయని మూడు రకాలుగా ఆరబెట్టి చూస్తారు: పోగు పెట్టి, చెట్లు బోర్లించి కాయ పైకి ఉండేలా, విడదీసి టార్పాలిన్ మీద పలచగా. రోజూ తేమ కొలుస్తారు, చివర్లో మూడు శాంపిళ్లు ల్యాబుకి. ఖర్చు సగం నాది. ఫలితం ఎలా వచ్చినా రిపోర్టు ఇక్కడ పెడతా, ఈసారి బీరువాలో పెట్టను. పిల్లలకి మధ్యాహ్నం మా ఇంట్లోనే, జొన్న రొట్టె, శెనగ గింజల ఊరుబిండి. గింజలు వాళ్ల ముందరే ఏరాలని అక్క షరతు.

కదిరి, ముదిగుబ్బ చుట్టుపక్కల మిత్రుల్లో ఎవరి దగ్గరైనా తేమ మీటరు ఉంటే ఆ వారం రోజులకి అప్పు ఇవ్వగలరా? మా దగ్గర ఉన్నది ఒకటే, దానికీ బ్యాటరీ మూత లేదు.